తెర మీది చదువు కార్మికుని బిడ్డకూ దక్కాలి

(సూరత్ జిల్లా పల్సానా తాలూకా జోల్వాలో తెలుగు కార్మిక కుటుంబాల సభలో సమాఖ్య పక్షాన చేసిన ఉపన్యాసపు పాఠం)



వేతనాల గురించి, బోనసు గురించి, భవిష్యనిధి గురించి మాట్లాడవలసిన కార్మిక సంఘం నేడు చదువు గురించి, అందులోనూ కంప్యూటరు, సెల్‌ఫోను ద్వారా సాగే చదువు గురించి సభ ఏర్పాటు చేయడమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చును. ఆ ప్రశ్నకు ముందుగా సమాధానం చెప్పుకొనడం అవసరం. వేతనం నేటి బ్రతుకును నిర్ణయిస్తుంది. చదువు రేపటి వేతనాన్ని నిర్ణయిస్తుంది. మన బిడ్డలు రేపు ఏ షెడ్డులో, ఎన్ని గంటలు, ఎవరి దయ మీద ఆధారపడి పని చేస్తారనే విషయం నేడు వారి ముందున్న పుస్తకం మీద, పలక మీద, ఇప్పుడు కొత్తగా ఆ పలక స్థానాన్ని ఆక్రమిస్తున్న తెర మీద ఆధారపడి ఉన్నది. కనుక ఇది సంఘం పని కాదని అనుకొనడానికి వీలు లేదు.

మనమున్న చోటు

కడోదరా కూడలి చుట్టుపట్ల జోల్వా, వరేలీ, తాంతీథైయా మొదలైన గ్రామాలు పేరుకు మాత్రమే గ్రామాలు. మరమగ్గాల షెడ్లు, అద్దకపు మిల్లులు, వాటి వెనుక వరుసగా కట్టిన అద్దెగదులు, ఇదీ వీటి నేటి స్వరూపం. ఒడిశాలోని గంజాం నుండి, ఉత్తరప్రదేశ్, బీహారుల నుండి, మహారాష్ట్ర నుండి, మన తెలుగు జిల్లాల నుండి వచ్చిన వారు ఇక్కడ ఒకే గోడకు ఆనుకొని జీవిస్తున్నారు. తెలంగాణ జిల్లాల చేనేత కుటుంబాలు సూరత్‌కు తరలిరావడం నిన్న మొన్నటి సంగతి కాదు. సొంత ఊరిలో మగ్గం మూలబడిన పిదప భీవండికి, షోలాపూరుకు, సూరత్‌కు పోయి మరమగ్గం పట్టిన తరాలు మనవి. సూరత్ నగరంలోని లింబాయత్ వంటి పేటలలో తెలుగు మాట వీధి మాట అయినది.

ఇటువంటి చోట ఒక కుటుంబపు దినచర్యను గమనించండి. తండ్రి పన్నెండు గంటల పాళీకి పోతాడు. పగటి పాళీ కొన్నాళ్లు, రాత్రి పాళీ కొన్నాళ్లు. తల్లి ఇంటి వద్దనే చీరలకు అంచు కుట్టడమో, చమ్కీలు అతకడమో, దారపు పోగులు కత్తిరించడమో చేస్తుంది. ఇంట ఒకే స్మార్ట్‌ఫోను. అది తండ్రి జేబులో మిల్లుకు పోతుంది. అది తిరిగి ఇంటికి చేరే వేళకు బిడ్డ నిద్రపోతూ ఉంటాడు. బడిలో ఉపాధ్యాయుడు ఫోనులో పంపిన అభ్యాసం చేయలేదేమని మరునాడు ఆ బిడ్డనే అడుగుతారు. ఇందులో బిడ్డ తప్పేమున్నది? తండ్రి తప్పేమున్నది? తప్పు ఏర్పాటులో ఉన్నది. ప్రతి బిడ్డ వెనుక ఒక తీరికగల తల్లి, ఒక ప్రత్యేకమైన గది, ఒక సొంత యంత్రం ఉన్నట్లుగా ఊహించి చేసిన ఏర్పాటు ఇది. మన ఇండ్లలో ఈ మూడింటిలో ఒక్కటియు లేదు.

2020 సంవత్సరం నేర్పిన పాఠం

2020 మార్చిలో దేశమంతటా బడులు మూతపడినవి. అదే నెల 25 నుండి దేశమంతటా రాకపోకలు నిలిచిపోయినవి. ఆనాడు ఈ ప్రాంతం అనుభవించిన యాతనను మీకు మేము వివరించనవసరం లేదు. మే 4వ తేదీన పక్కనే ఉన్న వరేలీలో, మమ్ములను మా ఊళ్లకు పంపండి అంటూ వలస కార్మికులు వీధికెక్కగా పోలీసులు బాష్పవాయువు ప్రయోగించిన సంగతి పత్రికలకెక్కినది. కూలి ఆగిపోవడం అందరికీ కనిపించినది. చదువు ఆగిపోవడం మాత్రం అంతగా ఎవరికీ కనిపించలేదు.

బడి మూసినా చదువు ఆగదు, అంతర్జాలం ద్వారా సాగుతుంది అని ప్రభుత్వాలు చెప్పినవి. చదువు ఎవరికి సాగినది? జాతీయ నమూనా సర్వే 75వ విడత లెక్కలు 2017-18 నాటివి. వాటి ప్రకారం దేశంలో కంప్యూటరు గల కుటుంబాలు గ్రామాలలో నూటికి 4.4 మాత్రమే, పట్టణాలలో 23.4. అంతర్జాల సౌకర్యం గల కుటుంబాలు గ్రామాలలో 14.9, పట్టణాలలో 42. ఈ పునాది మీద 2020లో చదువంతా తెర మీదికి ఎక్కించారు. ఆ యేడు జరిగిన అసర్ సర్వేలో గ్రామీణ విద్యార్థుల ఇండ్లలో నూటికి 61.8 ఇండ్లలో స్మార్ట్‌ఫోను ఉన్నట్లు తేలినది. 2018లో అది 36.5 మాత్రమే. తినీ తినక, అప్పు చేసి, ఊరిలో పశువునమ్మి కూడా తల్లిదండ్రులు ఫోను కొన్నారనడానికి ఈ పెరుగుదల సాక్ష్యం. అయినను సర్వే జరిపిన వారంలో బడి నుండి ఏదో ఒక పాఠ్యసామగ్రి అందిన పిల్లలు సుమారు మూడింట ఒక వంతు మాత్రమే. యంత్రం ఇంటికి వచ్చినది, చదువు రాలేదు.

ఫోను ఉంటే చాలునా?

నాటికి నేటికి పరిస్థితి మారినదని, ఇప్పుడు ఫోను లేని ఇల్లు ఎక్కడున్నదని కొందరు వాదిస్తారు. ఈ వాదంలో కొంత నిజమున్నది, ఆ నిజాన్ని మనం కాదనడం లేదు. 2024 అసర్ సర్వే ప్రకారం గ్రామాలలో 14 నుండి 16 యేండ్ల వయసు పిల్లలలో నూటికి 82.2 మందికి స్మార్ట్‌ఫోను వాడడం తెలుసు. అయితే వారిలో గడచిన వారంలో చదువు కొరకు దానిని వాడిన వారు 57 మంది. సామాజిక మాధ్యమాల కొరకు వాడిన వారు 76 మంది. ఫోను వాడడం తెలిసిన మగపిల్లలలో సొంత ఫోను గలవారు 36.2 శాతం కాగా ఆడపిల్లలలో 26.9 శాతం మాత్రమే.

ఈ అంకెలు రెండు విషయాలు చెబుతున్నవి. మొదటిది, చేతిలో ఫోను ఉండడం వేరు, దానితో చదువుకొనడం వేరు. పార ఉన్నంత మాత్రాన పొలం పండదు. ఏది వెదకాలి, వెదకినదానిలో ఏది నమ్మాలి, ఏది నమ్మరాదు అని నేర్పే గురువు లేనిదే ఆ యంత్రం కాలక్షేపపు సాధనంగానే మిగులుతుంది. రెండవది, ఇంట్లో ఉన్న ఒక్క ఫోను ముందుగా కొడుకు చేతికి పోతుంది, ఆ తరువాతనే కూతురి చేతికి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎప్పుడైనా అంతర్జాలం వాడిన స్త్రీలు దేశంలో నూటికి 33.3 కాగా పురుషులు 57.1. గుజరాత్ స్త్రీలలో అది 30.8, తెలంగాణలో 26.5, ఆంధ్రప్రదేశ్‌లో 21. సాంకేతిక నగరమని హైదరాబాదు పేరు ప్రపంచమంతటా మారుమ్రోగుతున్న రోజులలోనే మన తెలుగు నేల మీద నలుగురు స్త్రీలలో ముగ్గురు అంతర్జాలం ముఖం చూడలేదన్న మాట. దీపం క్రింది చీకటి అంటే ఇదే.

ఇక బడుల సంగతి. కేంద్ర విద్యాశాఖ యూడైస్ లెక్కల ప్రకారం 2023-24లో దేశంలోని బడులలో అంతర్జాలం ఉన్నవి నూటికి 53.9. 2024-25లో అది 63.5కు, కంప్యూటరు సౌకర్యం 64.7కు పెరిగినది. పెరుగుదలను మనం హర్షిస్తున్నాము. కాని నూటికి ముప్పది ఆరు బడులకు నేటికీ ఆ తీగ చేరలేదని కూడా ఆ లెక్కలే చెబుతున్నవి. ఆ బడులలో చదివేది ఎవరి బిడ్డలు? మిల్లు యజమాని బిడ్డలా, మిల్లు కార్మికుని బిడ్డలా? ఈ ప్రశ్నకు సర్వే అవసరం లేదు.

భాష లేని తెర గోడతో సమానం

సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక విద్యాసమితి గుజరాతీతో పాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్లం, తెలుగు మాధ్యమాలలో కూడ బడులు నడుపుతున్నది. దేశంలో ఇన్ని మాధ్యమాలలో బడులు నడిపే నగరపాలక సంస్థలు అరుదు. ఇందుకు ఆ సంస్థను అభినందించడం మన ధర్మం. అయితే ఆ బడులు నగరపు హద్దులోపలివి. జోల్వా వంటి చోట్ల, అనగా నగరపు హద్దు దాటి తాలూకా గ్రామాలలో స్థిరపడిన కార్మికుని బిడ్డకు తెలుగు బడి నడకదూరంలో లేదు. మిల్లులు నగరం దాటి వచ్చినవి. మిల్లు వెంట కార్మికుడు వచ్చినాడు. బడి మాత్రం రాలేదు.

రాజ్యాంగపు 350-ఎ అధికరణం భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతులు కల్పించుటకు ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థయూ ప్రయత్నించవలెనని ఆదేశిస్తున్నది. పది మంది పిల్లలున్న ప్రతి వీధిలో ఒక తెలుగు ఉపాధ్యాయుని నియమించడం ఆచరణలో కష్టమని అధికారులు అంటారు. అది నిన్నటి వరకు చెల్లిన మాట. నేడు ఆ కష్టాన్ని తీర్చగల సాధనం ఉన్నది. 2017 సెప్టెంబర్ 5న ప్రారంభమైన దీక్షా వేదికలో తెలుగు పాఠాలున్నవి. 2020లో ప్రకటించిన పి.ఎం. ఈ-విద్య క్రింద టెలివిజన్ పాఠాలు ప్రసారమవుతున్నవి. తెలంగాణలో టీ-శాట్ ఛానళ్లు ఉన్నవి. ఈ పాఠాలు ఆకాశంలో ఉన్నవి, బిడ్డలు ఇక్కడ ఉన్నారు. రెంటినీ కలిపే గది, యంత్రం, మనిషి మాత్రమే లేవు.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకొనవలెను. మాతృభాష అడుగుతున్నామంటే గుజరాతీ వద్దంటున్నామని కాదు. 2023లో గుజరాత్ శాసనసభ 1 నుండి 8వ తరగతి వరకు గుజరాతీ బోధన తప్పనిసరి చేస్తూ చట్టం చేసినది. ఈ నేల మీద బ్రతుకుతూ ఈ నేల భాష నేర్వకుండా ఉండడం మన బిడ్డలకు మేలు కాదు. గుజరాతీ వచ్చిన కార్మికుడు యజమానితో, తలాటీతో, ఆసుపత్రిలో తన మాట తాను చెప్పుకొనగలడు. కాని తెలుగు అక్షరం బలపడిన బిడ్డకు గుజరాతీ అక్షరం సులువుగా అబ్బుతుంది. ఇల్లొక భాష, బడి మరొక భాష, తెర మీద ఆంగ్లం అయినప్పుడు బిడ్డ మూడింటి మధ్య నోరులేని వాడవుతాడు. పిదప పదునాలుగేండ్లకే బాబిన్లు చుట్టడానికి పోతాడు. చదువు మానేసినాడని అంటాము. నిజానికి చదువే వానిని మానేసినది.

మనకు ముందే దారి చూపినవారు

కొత్త సాధనాన్ని పేదవాని చదువుకు వినియోగించడం ఈ దేశానికి కొత్త కాదు. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఒక సంవత్సరం పాటు అమెరికా ఉపగ్రహం సహాయంతో సైట్ అనే ప్రయోగం జరిగినది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలలో టెలివిజన్ పెట్టెలు నెలకొల్పి బడిపిల్లలకు, రైతులకు కార్యక్రమాలు ప్రసారం చేసినారు. తెలుగు గ్రామాలకు తెలుగులోనే పాఠాలు వచ్చినవి. ఆ పెట్టె ఎవరి ఇంటిలోను పెట్టలేదు. ఊరందరికీ చెందిన చోట పెట్టినారు. అదే కాలంలో ఈ గుజరాత్‌లోనే ఖేడా జిల్లాలో పీజ్ ప్రసార కేంద్రం నుండి సుమారు 400 గ్రామాలకు సామూహిక టెలివిజన్ ద్వారా గుజరాతీ కార్యక్రమాలు అందించినారు. కూలి రేట్లు, కులవివక్ష, సహకార సంఘాలు అందులో చర్చకు వచ్చినవి. పల్లెజనమే నటులైనారు, రచయితలైనారు. ఆ ప్రయోగానికి 1984లో యునెస్కో బహుమతి లభించినది.

ఈ రెండు ప్రయోగాల నుండి మనం గ్రహించవలసినది మూడు మాటలు. సాధనం ఉమ్మడిది కావలెను. భాష ప్రజలది కావలెను. విషయం వారి బ్రతుకుకు సంబంధించినది కావలెను. మరొక హెచ్చరిక కూడ ఉన్నది. ఎరువు తెచ్చుకొన్న ఉపగ్రహం గడువు తీరగానే సైట్ ప్రసారాలు ఆగిపోయినవి. సాధనం మీద అధికారం లేనివాని చదువు ఇతరుల గడువు మీద నడుస్తుంది. నేడు ఉచితమని చెప్పి, రేపు రుసుము అడిగే ప్రైవేటు చదువుల వ్యాపారానికి మన బిడ్డలను అప్పగించేవారు ఈ సంగతి మరువరాదు.

మన తెలుగువారి చరిత్రలోనూ ఇదే దారి కనిపిస్తుంది. పుస్తకం కొనలేని కాలంలో మనవారు గ్రంథాలయోద్యమం నడిపినారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడినది. 1935లో పాతూరి నాగభూషణం గారు కాలువల మీద పడవలో పుస్తకాలు నడిపి ఊరూరికీ చేర్చినారు. పాఠకుడు పుస్తకం వద్దకు రాలేనప్పుడు పుస్తకమే పాఠకుని వద్దకు పోవలెనన్నది ఆనాటి సూత్రం. 1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడి, కళాశాల గడప తొక్కని వారికి, పనిచేస్తూ చదువుకొనే వారికి పట్టాల దారి తెరచినది. నేడు అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తున్నది. 1990 దశకం ఆరంభంలో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో అక్షరాలు నేర్చిన దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని మూయించినారు. ఆ నిప్పు రాష్ట్రమంతటా ప్రాకినది. చదువు అంటే ఉద్యోగానికి మెట్టు మాత్రమే కాదు, తన బాధకు కారణమేమిటని అడిగే శక్తి అని ఆ స్త్రీలు నిరూపించినారు. తెర మీది చదువు కూడ ఆ శక్తిని ఇవ్వగలదా అన్నదే మనకు గీటురాయి.

పెద్దల చదువు మాట

బిడ్డల చదువుతో మన పని తీరదు. నేడు కార్మికుని హక్కులన్నీ తెర వెనుకకు పోయినవి. 2014 నుండి భవిష్యనిధికి యూ.ఏ.ఎన్. సంఖ్య వచ్చినది. సొమ్ము తీసుకొనడానికి ఫోనులోనే దరఖాస్తు. 2021 ఆగస్టు 26 నుండి అసంఘటిత కార్మికుల నమోదుకు ఈ-శ్రమ్ వేదిక వచ్చినది. ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు పథకం 2019లో తొలుత ఆంధ్ర-తెలంగాణల మధ్య, గుజరాత్-మహారాష్ట్రల మధ్య ప్రారంభమైనది. ఇవన్నీ మేలు చేయగల ఏర్పాట్లే. కాని తెర చదవలేని కార్మికునికి తన సొమ్ము తాను తీసుకొనడానికి దుకాణంలో దళారికి రుసుము చెల్లించవలసి వస్తున్నది. తన రహస్య సంఖ్యను పరాయివాని చేతిలో పెట్టవలసి వస్తున్నది. నిన్న వేలిముద్ర వేయించుకొని మోసగించినారు. నేడు వేలిముద్రతో పాటు ఓ.టి.పి. అడుగుతున్నారు. నిరక్షరాస్యతకు రూపం మారినది, దోపిడీకి కాదు.

పనిలోనూ మార్పు వచ్చినది. షటిల్ మగ్గాల స్థానంలో వాటర్‌జెట్, రేపియర్ మగ్గాలు వస్తున్నవి. అట్టల జకార్డు పోయి ఎలక్ట్రానిక్ జకార్డు వస్తున్నది. అద్దకంలో డిజిటల్ ప్రింటింగు వచ్చినది. నాలుగు మగ్గాలు, ఆరు మగ్గాలు నడిపిన చేయి తేలు మీట ముందు తడబడితే ఆ చేయికి విలువ లేదంటారు. ముప్పది యేండ్ల నైపుణ్యం గల కార్మికుని తొలగించి, ఆరు నెలల శిక్షణ గల యువకుని తక్కువ వేతనానికి తెచ్చుకొనడం యజమానికి లాభం. యంత్రం మార్చినప్పుడు ఆ యంత్రం నేర్పే బాధ్యత కూడ యజమానిదే కావలెను. ఆ శిక్షణ పనిగంటలలో, వేతనంతో జరగవలెను.

ఇక్కడ పనిగంటల మాట తప్పదు. 1948 ఫ్యాక్టరీల చట్టం రోజుకు తొమ్మిది గంటలు, వారానికి నలుబది ఎనిమిది గంటలు హద్దుగా పెట్టినది. 2025 జూలైలో గుజరాత్ ప్రభుత్వం, వారపు హద్దును ఉంచుతూనే, రోజుకు పన్నెండు గంటల వరకు పనిచేయించుటకు వీలు కల్పిస్తూ ఆర్డినెన్సు తెచ్చినది. అదే యేడు నవంబర్ 21న కేంద్రపు నాలుగు కార్మిక కోడ్లు అమలులోకి వచ్చినవి. మన షెడ్లలో పన్నెండు గంటల పాళీ చట్టానికి ముందు నుండే సాగుతున్నదని మీకు తెలియును. పన్నెండు గంటలు నిలువుకాళ్ల మీద నిలిచిన మనిషికి ఏ యంత్రమిచ్చినా చదువు రాదు. కనుక చదువు హక్కు కోరేవాడు ముందుగా తీరిక హక్కు కోరవలెను. ఎనిమిది గంటల పని కొరకు మన పూర్వులు పోరాడినప్పుడు వారడిగినది నిద్ర మాత్రమే కాదు, మనిషిగా ఎదిగే వేళ.

అందరి చదువు అంటే అందరిదీ

అందరికీ విద్య అన్నప్పుడు ఎవరూ మిగలరాదు. చూపు లేని బిడ్డకు తెర చదివి వినిపించే సాధనం తెలుగులో కావలెను. వినలేని బిడ్డకు సంజ్ఞాభాషలో పాఠం కావలెను. 2016 వికలాంగుల హక్కుల చట్టం సమ్మిళిత విద్యను బాధ్యతగా విధించినది. 2024 డిసెంబరులో భారతీయ సంజ్ఞాభాష కొరకు పి.ఎం. ఈ-విద్య క్రింద ప్రత్యేక ఛానలు ప్రారంభమైనది. మంచిదే. కాని ఆ ఛానలు చూపించే పెట్టె ఈ వీధిలో ఎక్కడున్నదో కూడ చెప్పవలెను గదా!

మరొక ప్రమాదం గురించి తల్లిదండ్రులు తెలుసుకొనవలెను. పిల్లవాడు తెరను చూస్తున్నప్పుడు తెర కూడ పిల్లవానిని చూస్తున్నది. 2022లో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ 49 దేశాలలో 160కి పైగా విద్యా సాధనాలను పరిశీలించి, నూటికి 89 సాధనాలు పిల్లల సమాచారానికి ముప్పు కలిగించే రీతిలో ఉన్నవని ప్రకటించినది. మన దేశంలో 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చినది. ఆ చట్టం కాగితం మీద నిలిచిపోకుండా చూడడం తల్లిదండ్రుల సంఘాల పని, మన సంఘం పని.

తెర వస్తే గురువు అవసరం లేదని ప్రచారం చేసేవారున్నారు. దీనిని మనం ఖండించవలెను. సాంకేతిక సాధనం ఎవరి షరతుల మీద నడుస్తున్నదన్నదే అసలు ప్రశ్న అని 2023లో యునెస్కో ప్రపంచ విద్యా నివేదిక నిలదీసినది. గురువు చేతిలో తెర సాధనమవుతుంది. గురువును తొలగించిన తెర వ్యాపారమవుతుంది. ఉపాధ్యాయుడు కూడ వేతనజీవియే. అతని ఉద్యోగం కూల్చి మన బిడ్డకు చదువు చెప్పిస్తామనే మాటను కార్మికవర్గం అంగీకరించరాదు.

మన కోర్కెలు

ఈ సభ ద్వారా ప్రభుత్వాల ముందు, యజమానుల ముందు ఈ క్రింది కోర్కెలు ఉంచుతున్నాము.

మొదటిది: జోల్వా, వరేలీ మొదలైన పారిశ్రామిక గ్రామాలలో ప్రతి కార్మికవాడకు ఒక ఉమ్మడి చదువుగది ఏర్పాటు చేయవలెను. అందులో కంప్యూటర్లు, అంతర్జాలం, టెలివిజన్, తెలుగు, ఒడియా, హిందీ, మరాఠీ, గుజరాతీ పాఠాలు, వేతనం గల ఒక శిక్షకురాలు ఉండవలెను. పాళీల ననుసరించి ఉదయం, రాత్రి కూడ అది తెరచి ఉండవలెను. స్త్రీలకు ప్రత్యేక వేళలు ఉండవలెను.

రెండవది: దీనికి సొమ్ము లేదనడం చెల్లదు. టెలిఫోను కంపెనీల రాబడి నుండి సార్వత్రిక సేవ కొరకు వసూలయ్యే నిధి నేడు డిజిటల్ భారత్ నిధి పేరుతో ఉన్నది. మనం చేయించే ప్రతి రీఛార్జి నుండి అందులోకి కొంత చేరుతున్నది. 2013 కంపెనీల చట్టం 135వ విభాగం ప్రకారం పెద్ద కంపెనీలు లాభాలలో నూటికి రెండు రూపాయలు సామాజిక బాధ్యతకు వెచ్చించవలెను. ఈ వాడల చెమటతో వచ్చిన లాభంలో ఆ రెండు రూపాయలలో కొంత ఈ వాడలకే ఖర్చు కావలెనని కోరడం న్యాయమే.

మూడవది: బిడ్డ రాష్ట్రం మారినప్పుడు చదువు తెగిపోరాదు. 2009 విద్యాహక్కు చట్టం 5వ విభాగం ప్రకారం బదిలీ పత్రం ఆలస్యమైనదన్న కారణంతో ప్రవేశం నిరాకరించరాదు. ఈ సంగతి ప్రతి బడి గోడ మీద గుజరాతీలో, హిందీలో, తెలుగులో, ఒడియాలో వ్రాయించవలెను.

నాల్గవది: ఫోను లేదన్న కారణంతో ఏ విద్యార్థినీ శిక్షించరాదు, ఏ పథకం నుండీ ఏ కార్మికునీ తొలగించరాదు. కాగితపు దారి కూడ తెరచి ఉండవలెను. విద్యార్థికి అంతర్జాలం అందుబాటులో ఉండడం విద్యాహక్కులో భాగమని 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు తీర్పు చెప్పినది. హక్కు అన్న పిదప దానిని సమకూర్చే బాధ్యత ప్రభుత్వానిది, జీతం చాలని తండ్రిది కాదు.

మన కర్తవ్యం

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. కాని అడిగి చేతులు కట్టుకొని కూర్చుండరాదు. ప్రతి వీధిలో బడి వయసు పిల్లలెందరు, బడికి పోయేవారెందరు, ఏ భాషవారెందరు అన్న పట్టిక మన సంఘ కార్యకర్తలే తయారు చేయవలెను. అంకె లేని విన్నపాన్ని అధికారి పక్కకు నెడతాడు, అంకె గల విన్నపానికి జవాబు చెప్పవలసి వస్తుంది. సంఘ కార్యాలయంలో ఆదివారం రెండు గంటలు భవిష్యనిధి లెక్క చూసుకొనడం, ఈ-శ్రమ్ నమోదు, మోసపు ఫోనులను గుర్తించడం నేర్పవలెను. పది, పన్నెండు తరగతులు చదివిన మన యువతీయువకులు దీనికి పూనుకొనవలెను. మన తెలుగు కుటుంబాలు ఈ పనిలో ఒడియా, భోజ్‌పురీ సోదరులను విడదీయరాదు. ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న బిడ్డలు ఒకే గదిలో చదువుకొన్నప్పుడే రేపు ఒకే సంఘంలో నిలుస్తారు.

తల్లులకు ఒక మాట. ఇంట ఒకే ఫోను ఉన్నప్పుడు అది వారానికి కొన్ని గంటలైనా కూతురి చదువుకు కేటాయించండి. ప్రభుత్వం నుండి సమానత్వం కోరే మనం ఆ సమానత్వాన్ని గడప లోపల నిరాకరించరాదు.

సోదరులారా, అంతర్జాతీయ టెలికం సంఘం లెక్క ప్రకారం 2024లో ప్రపంచంలో 260 కోట్ల మందికి అంతర్జాలం అందలేదు. ఆఫ్రికాలో, ఆసియాలో, లాటిన్ అమెరికాలో వారు మనవంటి శ్రామికులే. కనుక జోల్వాలో ఒక చదువుగది కొరకు చేసే ప్రయత్నం చిన్న పని కాదు. ఇక్కడికి సమీపంలోనే బార్డోలీ ఉన్నది. 1928లో ఆ తాలూకా రైతులు ఊరూరా కమిటీలు వేసుకొని, స్త్రీలను ముందు నిలిపి, పెంచిన భూమిశిస్తును నిరాకరించి ప్రభుత్వాన్ని దిగివచ్చునట్లు చేసినారు. వారికి ఫోను లేదు, తెర లేదు. ఒకరి మాట ఒకరికి చేరే కట్టుబాటు ఉన్నది. ఆ కట్టుబాటు మనకు ఉన్ననాడు ఈ కోర్కెలు సాధ్యమవుతాయి.

రాబోయే నెలలో పట్టికలు పూర్తి చేసి, తాలూకా అధికారులకు, జిల్లా విద్యాధికారికి, యజమానుల సంఘాలకు సామూహిక విన్నపాలు సమర్పించవలెనని ఈ సభను కోరుతున్నాము. జేబులో ఫోనున్న ప్రతి కార్మికుడు ఆ విన్నపం మీద తన సంతకం తానే చేయవలెను. సంతకం రానివారు ఈ నెలలో నేర్చుకొనవలెను. నేర్పడానికి సంఘం సిద్ధంగా ఉన్నది.